వంతలో పూర్తియగు పాట

తెలంగాణపు పాట యనగానే మన కన్నుల యెదుట నిలుచునది వేలాది జనముతో క్రిక్కిఱిసిన మైదానము, ఎత్తైన వేదిక, కాలికి గజ్జె కట్టి, భుజమున గొంగడి వేసి, గంతులు వేయుచు పాడు గాయకుడు, దిక్కులు పిక్కటిల్లు మైకుల మ్రోత. ఇది అబద్ధము కాదు గాని, పాటకు ఇది ఊరేగింపే తప్ప పుట్టినిల్లు కాదు. ఆ పాట మొదట నలుగురి నడుమ నిలిచి, నోరు తిరుగని చోట మాట మార్చుకొని, ఊపిరి చాలని చోట చరణము కుదించుకొని, వినువారి గొంతుకు పట్టుబడిన పిమ్మటనే మైదానమునకు వచ్చుచున్నది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పొలము పనియో, గని పనియో, బడి పనియో ముగించుకొని వచ్చినవారు ఇరువది ముప్పది మంది ఒక ఇంటి డాబా మీదనో, వేపచెట్టు క్రింది గద్దె చుట్టునో, కులసంఘపు భవనములోనో చేరి, తాము కట్టిన పాటలను తామే పాడుకొను చిన్న కూటములు నేటికిని కలవు. వీటికి కరపత్రము లుండవు, టిక్కెట్టు లుండవు, తఱచుగా మైకు కూడ నుండదు.

ఇట్టి కూటములను గూర్చి మన పత్రికలు వ్రాయుట అరుదు. వ్రాసినను గాయకుని గొంతును పొగడి విడిచిపెట్టుటయే గాని, అచట చేరినవారు చేయు పని యేమో విచారించుట లేదు. ఇందలి విశేషమేమనగా, పాట కట్టువాడును, పాడువాడును, అందుకొనువాడును ఇక్కడ మూడు వేర్వేరు వర్గములు కారు. తన వంతు వచ్చినపుడు పాడినవాడే మఱు నిమిషమున పొరుగువాని పాటకు వంత పాడును. పాట నిలుచునో నిలువదో చెప్పువాడు విమర్శకుడు కాడు, పల్లవిని తిరిగి యెత్తుకొను గుంపు. అందుకొనుటకు నోరు రానిచో ఎంత గొప్ప భావమున్నను ఆ పాట ఆ రాత్రితోనే ముగియును. అందుకొన్నచో తెల్లవాఱుసరికి పొలము గట్టు మీదికి చేరును. కనుక ఈ కూటము పాటను వినిపించు స్థలము మాత్రమే కాదు, పాట తయారగు కార్యశాల యని చెప్పవలయును.

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు ఒకే వరంగల్ జిల్లాలోనివి. ఆనాటి పునర్విభజనతో మూడు జిల్లాలకు కేంద్రములయ్యెను. జనగామ మెట్టభూముల సీమ. చెఱువు నిండినచో పంట, నిండనిచో వలస యను లెక్కతో తరములు గడిపిన యీ ప్రాంతమున గొల్ల కురుమల మందలును, వారి ఒగ్గుకథలును, గొల్లసుద్దులును సహజముగా వర్ధిల్లినవి. మహబూబాబాదును ఆ చుట్టుప్రక్కలవారు నేటికిని మానుకోట యనియే పిలుతురు. లంబాడా తండాలు ఆ జిల్లా పొడవునను వ్యాపించియుండగా, కొత్తగూడ, గంగారము, గూడూరు మండలముల వైపున కోయ గూడెములు కలవు. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల పట్టణము. ఒకవైపు గని, మఱియొకవైపు గోదావరి దాక సాగిన అడవి. అచట గనిని ‘బాయి’ యందురు గనుక కూటమునకు వేళ నిర్ణయించునది సూర్యాస్తమయము కాదు, బాయి షిఫ్టు. మెట్ట రైతు పాటలో చెఱువును, తండా పాటలో వలసబండియు, గనివాని పాటలో ఓపెన్‌కాస్టు పేలుళ్లకు బీటలు వాఱిన గోడయు కానవచ్చుట ఇందుచేతనే.

ఇచటి పాటకు పూర్వులు లేకపోలేదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి, వీరశైవ కవి పాల్కురికి సోమనాథుని యింటిపేరుతో ముడిపడిన గ్రామము. పలువురు పండితులు 13వ శతాబ్దివాడుగా నిర్ణయించిన యీ మహాకవి, నన్నయ తిక్కనల చంపూమార్గమును కాదని, బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును ద్విపదలో రచించెను. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము గల యీ ఛందస్సు తాళమునకు ఒదుగును, గుంపుగా పాడుటకు అనుకూలించును, అక్షరము రానివానికిని కంఠస్థమగును. పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమును వర్ణించు పర్వత ప్రకరణములో ఆ కవి తన కాలమున జనులు పాడుకొను తుమ్మెద పదములను, ప్రభాత పదములను, నివాళి పదములను, గొబ్బి పదములను, వెన్నెల పదములను పేరుపేరున పేర్కొనుట చూచినచో, పాటను ఆయన పుస్తకములలో గాక భక్తజనుల కూటములలో విని యెఱిగినవాడని స్పష్టమగును. ఇంచుమించు ఆ కాలముననే శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరములో, సాహిత్యమును సంగీతమును రెండింటిని స్వయముగా నిర్మింపగలవానిని వాగ్గేయకారులలో ఉత్తమునిగా ఎంచెను. శాస్త్రకారుడు ఆస్థాన విద్వాంసులను మనస్సున నుంచుకొని చేసిన యీ నిర్ణయము, డప్పు చప్పుడుకు మాట కట్టి తానే పాడు పల్లె కవికి కూడ పూర్తిగా వర్తించుట గమనింపదగినది.

కూటము ఎట్లు నడచునో కొంత దగ్గఱగా చూతము. పొద్దు గూకిన పిమ్మట ముందుగా వచ్చువారు డప్పు వాయించువారు. వీరు వచ్చుటతోనే వాయింపరు. మొదట డప్పును కాతురు. వఱిగడ్డియో పాత కాగితములో పోగుచేసి చిన్న మంట పెట్టి, డప్పు ముఖమును ఆ సెగకు చూపుచు మెల్లగా త్రిప్పుదురు. గాలిలోని తేమకు సడలి మొద్దుగా పలుకుచున్న తోలు, వేడికి బిగిసి వ్రేలితో మీటినంతనే ఖంగుమను వఱకు ఈ పని సాగును. ఎంత సెగ చాలునో చెప్పునది వాయించువాని చెవియే. ఏమఱుపాటున మఱికొంత కాచినచో తోలు పగులును. పిమ్మట పొట్టిగా లావుగా నుండు చిర్రను ఒక చేతను, పొడవుగా సన్నముగా నుండు సిటికెన పుల్లను మఱియొక చేతను పట్టి, చిర్రతో దరువులోని బరువైన దెబ్బను, పుల్లతో ఆ దెబ్బల నడుమ సన్నని మోతను పలికింతురు. ఆరుబయట సభలో పది డప్పులు మ్రోగవచ్చును గాని, ఇంటి డాబా మీద ఒక్కటి చాలును. అదియును పాట మొదలైనపుడు మెత్తబడి, చరణము ముగిసిన చోట మాత్రమే పైకి లేచును.

పాడువాడు లేచి నిలువడు. చాప మీద కూర్చుండియే, ఒక చెవికి అరచేయి ఆనించుకొని, మాటలు లేని రాగమొకటి దీర్ఘముగా తీయును. ఇది సభ నలరించుటకు చేయు అలంకారము కాదు. తన గొంతు ఆనాడు ఎంతవఱకు ఎక్కునో, ఆ శ్రుతి వంతపాడువారికి అందునో అందదో పరీక్షించుకొనుట. ఆ తరువాత పల్లవిని రెండు మాఱులు పాడును. మూడవ మాఱు తాను ఆగి, గుంపు నెత్తుకొననిచ్చును. పల్లవి చిన్నదై, పలుకు తేలికయై, ఒక్క ఊపిరికి లొంగునదై యుండుటకు హేతువిదియే. చరణములో కవి తన ఇష్టము వచ్చినంత దూరము పోవచ్చును, ఎవరు నెఱుగని వార్తను చెప్పవచ్చును, దొరను తిట్టవచ్చును, చచ్చిన ఎద్దును తలచి యేడ్వవచ్చును. కాని చరణము చివర మలుపు తిరిగి పల్లవి గడపకు రాకతప్పదు. ఆ మలుపును నేర్పుతో త్రిప్పగలవానినే పాట కట్టుట తెలిసినవాడని ఊరిజనము మెచ్చుకొందురు.

పాటకు పాటకు నడుమ ముచ్చట యుండును. ఈ పాట ఏ చెఱువు ఎండినపుడు కట్టినది, ఎవరి చావుకు కట్టినది, ఏ ఎఱుకల ముసలిదాని నోట విన్న బాణీని తీసికొన్నది, కవియే చెప్పును. ఇంతలో వినువారును ఊరకుండరు. ఒక యువకుడు నాట్ల మీద క్రొత్త పాట కట్టి తెచ్చెననుకొందము, బురదమడిలో ఆడువారు వరుసగా ముందుకు సాగుచున్నారని ఒక చరణములో అతడు పాడగా, గోడ నానుకొని కూర్చున్న అవ్వ యొకతె చేయి యడ్డముపెట్టి, “నాటేసేటోళ్లం ముందటికి నడుస్తమా బిడ్డా? ఎనుకకు నడుస్తం గద!” యనును. నారు నాటువారు నాటిన మొలకలను త్రొక్కకుండ వెనుకకే జరుగుదురను సంగతి ఎండకు వానకు ఓర్చిన ఆమె నడుముకు తెలియును. పట్టణములో చదివి వచ్చిన ఆ పిల్లవాడు గట్టు మీదనుండి చూచినవాడు. అతడు తల గోకికొని, “అవునవ్వా, మారుస్త” నని, అచటనే ఆ పాదమును త్రిప్పి కట్టి మఱల పాడును. వెనుకకు నడచు మాట చేరుటతో చరణమునకు క్రొత్త అర్థము కూడ వచ్చును. వేయిమంది సభలో ఆ అవ్వ మాట వేదిక వఱకు చేరెడిది కాదు. స్టూడియోలో ఆమెయే లేదు. చిన్న కూటము యొక్క బలము ఈ దగ్గఱితనమునందే యున్నది.

ఈ బలము ఎంతటిదో చరిత్ర యొకమాఱు నిరూపించినది. 1946 జులై 4వ తేదీన జనగామ ప్రాంతపు కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల తుపాకికి బలియగుటతో ఎగసిన రైతాంగ పోరాటము, 1951 వఱకు తెలంగాణము నుఱ్ఱూతలూపినది. భూమి కొఱకు ఆ దేశముఖు నెదిరించి నిలిచిన చాకలి ఐలమ్మది పాలకుర్తియే. పల్లెలలో చదువు లేదు, పత్రిక చేరదు, సభకు అనుమతి లేదు; ఉన్నది నోరొక్కటే. అట్టి కాలమున వెట్టి యేమిటో, సంఘ మెందులకో చెప్పవలసిన భారము పాట మీద పడినది. జనగామకు చేరువలోని సుద్దాల గ్రామమును తన యింటిపేరు చేసికొన్న సుద్దాల హనుమంతు (1908–1982) ఈ పనిని పూనుకొన్న వాగ్గేయకారులలో అగ్రగణ్యుడు. ఆయన క్రొత్త బాణీలను వెదకుచు కాలము గడపక, ఊరివారికి చిన్ననాటినుండి వచ్చిన గొల్లసుద్దుల ఫక్కిని గైకొని, అందులో వెట్టిచాకిరిని గూర్చిన మాటలను నింపెను. బాణీ తెలిసినదే గనుక వినువాడు మొదటి మాఱే వంత పాడగలిగెను. వంత పాడుటతో మాట అతని సొంతమయ్యెను. క్రొత్త విషయమును పాత బాణీలో నుంచుట ఏల యని యడుగువారికి ఇంతకంటె సరియైన సమాధానము లేదు.

హనుమంతు రచించిన ‘పల్లెటూరి పిల్లగాడ’, పసులకాపరి బాలుని కష్టమును అడిగి తెలిసికొను పాట. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావు నిర్మాణమున 1979లో రూపొందిన ‘మా భూమి’ చిత్రములో దానిని సంధ్య పాడగా, ముప్పది యేండ్ల క్రిందటి పల్లెపాట క్రొత్త తరమునకు చేరినది. ఆ చిత్రముననే ప్రజాగాయకుడు గద్దరు తెరపై కనిపించి పాడిన ‘బండెనక బండి కట్టి’ యను పాటను కట్టినవాడు సాయుధపోరాట యోధుడైన బండి యాదగిరి. కాని ఆ పాట వినినవారిలో ఎందఱో దానిని గద్దరు రచనగానే భావింతురు. గద్దరు కీర్తి ఇందువలన పెరిగినది గాని, తఱిగినది గాని లేదు, యాదగిరి పేరు మాత్రము మఱుగున పడినది. ఊరందఱి నోట నిలిచిన పాటకు కర్తను మఱచుట మనకు అలవాటై పోయినది. జానపదమని పేరు పెట్టినంతనే దానిని ఎవరును కట్టలేదని, అది యడవి పువ్వువలె తనంత తాను పూచినదని భావింతుము. జానపద గేయములపై సమగ్ర పరిశోధన గావించిన ఆచార్య బిరుదురాజు రామరాజు వంటివారు ఊరూర తిరిగి పాటలను సేకరించి యుండనిచో, కర్తల పేరులే గాక పాటలును పోయెడివి.

కర్త యెవరో తెలిసియు, పుస్తకము కంటె ముందు నోటనే ప్రసిద్ధుడైన కవి అందెశ్రీ. 1961లో జనగామ సమీపమున రేబర్తిలో జన్మించిన ఈయన బడికి పోలేదు; గొఱ్ఱెలు కాచెను, తాపీపని చేసెను. వ్రాయుట ద్వారా గాక వినుట ద్వారా భాష నేర్చినవాడగుటచే ఆయన పదములు చెవిని నమ్ముకొని నడచును. ఆశువుగా అల్లగల శక్తియు, అల్లినదానిని మఱువని ధారణయు ఆయనకు పెట్టుబడులు. మనిషితనము మాయమగుటను గూర్చి ఆయన కట్టిన పాట సినిమాలోకి చేరి తెలుగునాడంతట వినబడినది. ఆయన ‘జయ జయహే తెలంగాణ’ తెలంగాణ రాష్ట్రోద్యమ సభలలో ఏండ్ల తరబడి జనుల నోట నిలిచి, 2024 జూన్ 2వ తేదీన కీరవాణి సంగీతముతో రాష్ట్రగీతముగా ఆవిష్కృతమయ్యెను. ఇక్కడ క్రమము గమనింపుడు: ప్రభుత్వము గీతమును నిర్ణయించి ప్రజలకు నేర్పలేదు, ప్రజలు వంత పాడి పాడి నిలిపిన పాటకు ప్రభుత్వము తరువాత ముద్ర వేసినది. 2025 నవంబరు 10వ తేదీన ఆయన మరణించినపుడు, ఆయన గ్రంథము నొకదానినైనను చదువని లక్షలాది జనులు ఆయన కవిత్వమును కంఠస్థముగా నెఱిగియుండిరి.

మానుకోట సీమనుండి వచ్చిన కవి జయరాజు 2023వ సంవత్సరపు కాళోజీ పురస్కారమును పొందెను; వానను తల్లిగా పిలుచుచు ఆయన కట్టిన పాట కరవు నెఱిగిన పల్లెలలో ప్రార్థనవలె పాడుకొనబడినది. భూపాలపల్లి ప్రాంతమునుండి వచ్చిన మిట్టపల్లి సురేందరు ఉద్యమకాలమున అమరుల తల్లుల శోకమును పాటగా కట్టి, సినిమాల వఱకు సాగెను. 2010 మే 28వ తేదీన మానుకోట రైల్వేస్టేషనులో రాళ్లు, తుపాకులు ఎదురెదురై నిలిచిన సంఘటన మీద పాటలు పుట్టుటకు వారములు పట్టలేదు. వార్త పత్రికలో పాతబడులోపల పాటలో క్రొత్తదనము పొందుట ఈ ప్రాంతపు సంప్రదాయము.

ఇంతవఱకు చెప్పినవారు తమ సొంత మాటను పాటగా కట్టినవారు. వీరికి వెనుక, కులవృత్తిగా కథను పాడు కళాకారుల పెద్ద సంప్రదాయ మున్నది. వంత యను అంగమును శాస్త్రముగా తీర్చిదిద్దినవారు వారే. లింగాలఘనపురము మండలము మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్య (మరణము 2017) ఒగ్గుకథకు ఊరి కొలుపుల నుండి రాష్ట్రాంతర వేదికల వఱకు బాట వేసి, సంగీత నాటక అకాడమి పురస్కారము నందెను. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు బీరప్ప కథనో, మల్లన్న కథనో, ఎల్లమ్మ కథనో నడపుచుండగా, వంతవాడు ఊకొట్టును, ప్రశ్నించును, పరిహాసమాడును, కథకుడు ఊపిరి పీల్చుకొను సందున రాగమును పట్టి నిలుపును. డోలును తాళమును వీరిద్దఱి సంభాషణను తూచును. దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెకు చెందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగానమునకు జీవితమంకితము చేసి 2024లో పద్మశ్రీ పురస్కృతుడయ్యెను. ఈ కథలను వినుచు పెరిగిన పిల్లలే పెద్దలై క్రొత్త పాటలు కట్టుచున్నారు గనుక, వంత కొఱకు ఎచట ఆగవలెనో వారికి వేఱుగా నేర్పవలసిన పని లేదు.

స్త్రీల పాట ఈ విషయమున మఱింత పూర్ణమైనది. బతుకమ్మ చుట్టు తిరుగునపుడు ఒకతె పాదము చెప్పగా తక్కినవారు ‘ఉయ్యాలో’ యని అందుకొందురు. ఎవరు కవయిత్రి, ఎవరు శ్రోత యని విడదీయుటకు వీలు లేదు. మహబూబాబాదు తండాలలో లంబాడా పెండ్లికూతురు అత్తవారింటికి పోవునపుడు తల్లిని, చెలులను పట్టుకొని పాడు ఢావ్‌లో యను రోదనగీతము ముందుగా వల్లించినది మాత్రమే కాదు. ఆచారము ఇచ్చిన రాగములో తన యింటి సంగతులను, తన తమ్ముని పేరును, తాను పాలు పితికిన ఆవును ఆమె అప్పటికప్పుడు చేర్చి పాడును. ఆమెను వాగ్గేయకారిణి యని ఎవరును పిలువరు. చేయు పని మాత్రము అదియే.

ఈ పాట యంతయు 2002లో కామారెడ్డిలో ఆరంభమైన ధూం ధాం సభలతో మహాప్రవాహమై, రాష్ట్రోద్యమమునకు వాహనమయ్యెను. ఆ సభల మేలును తక్కువ చేయుట కృతఘ్నత. ఊరికొక్కడుగా నున్న పాటగాండ్రకు అవి ఒకరి నొకరిని చూపినవి, అంతవఱకు చిన్నచూపు చూడబడిన తెలంగాణ పలుకుబడికి వేదిక మీద గౌరవము తెచ్చినవి. రాష్ట్ర మేర్పడిన పిమ్మట ప్రభుత్వ సంస్థయైన సాంస్కృతిక సారథి ద్వారా కొందఱు కళాకారులకు జీతము కూడ దొరకినది. కాని సభ పెద్దదైనకొలది పాట కొన్నింటిని కోలుపోవుట తప్పలేదు. మైదానములో వినబడవలెనన్నచో దరువు వేగము కావలెను. వేగమునకు సన్నని మాట నిలువదు. శోకమును నినాదము మ్రింగును. యూట్యూబులో వచ్చు జానపద గీతములది మఱియొక కథ. సెల్‌ఫోను చేతనున్న ప్రతి పల్లె పిల్లకు ఇప్పుడు గాయని కాగల అవకాశము కలిగినది, కొందఱికి దానివలన బ్రతుకుతెరువును దొరకినది. అయితే అక్కడ పల్లవిని అందుకొనునది కీబోర్డు, సవరించునది యంత్రము. లెక్కకు మిక్కిలిగా చూచినవారుందురు గాని, “గట్ల కాదు బిడ్డా” యని యనువారుండరు.

ఇది మన యొక్కరి చిక్కు కాదు. అమెరికాలో కరవు దుమ్ము రేగిన 1930ల దశకమున వలసకూలీల బాధలను పాడిన వుడీ గథ్రీ (1912–1967), మన హనుమంతు చేసినట్లే, జనులకు తెలిసిన పాత బాణీలలో క్రొత్త మాటలు పోసెను. ఆయన సహచరుడు పీట్ సీగరు (1919–2014) ఎంత పెద్ద సభలోనైనను పాట మధ్య ఆగి, పల్లవిని శ్రోతలకు ముక్కముక్కగా చెప్పి, వారిచేత పాడించిన పిమ్మటనే ముందునకు సాగెడివాడు. వేలమంది సభను ఇంటి వసారా చేయుటకు అది ఆయన కనుగొన్న ఉపాయము. ఆ సంప్రదాయముననే పెరిగిన బాబ్ డిలనుకు 2016లో సాహిత్యమున నోబెల్ బహుమతి రాగా, పాట కవిత్వమగునా యని ప్రపంచమంతట వాదములు చెలరేగినవి. సోమనాథుని ద్విపదలను గుంపుగా పాడుకొన్న నేలకు ఆ వాదము విచిత్రముగా తోచక మానదు.

ఈ కూటములు నిలువవలెనన్నచో పెద్ద ధనము అక్కఱలేదు, కొన్ని మర్యాదలు చాలును. ప్రతి మండలమునను గ్రంథాలయమో, పాఠశాలయో, సంఘభవనమో ఉన్నది. నెలకొక సాయంకాలము దానిని పాట కొఱకు తెఱచినచో చాలును. పిలిచినవానికి శాలువ కప్పి ఫొటో తీయించుకొని పంపుట గౌరవము కాదు. అతడు ఆనాటి కూలిని వదలుకొని వచ్చినవాడు, దారి ఖర్చును పారితోషికమును చేతికందవలెను. ఎవరి పాటను ఎవరు పాడినను మొదట కట్టినవారి పేరు చెప్పుట నియమము కావలెను. బండి యాదగిరికి జరిగినది మఱియొకనికి జరుగకుండుటకు ఇంతకు మించిన మందు లేదు. పాటను రికార్డు చేయువారు గాయకుని గొంతును మాత్రమే పట్టక, వంతను, నడుమ జరిగిన ముచ్చటను, సవరణను కూడ పట్టినచో, రేపటి పరిశోధకునికి పాట యొక్క తుది రూపమే గాక అది తయారైన తీరును దొరకును. మోటబావులకు కరెంటు మోటారులు వచ్చిన నాడు మోటపాటలు పోయినట్లే, నాటు యంత్రములు వచ్చిన పొలములలో నాట్లపాటలు పోవును. పనితో పుట్టిన పాట పనితో పోవుటను ఎవరును ఆపలేరు. కాని ఆ పాటలు నేర్పిన విద్య, అనగా ఒకడు కట్టినదానిని పదిమంది సరిచూచి నిలుపుకొను విద్య, ఏ యంత్రమునకును లొంగి పోవలసినది కాదు.

కావున మీ యూరిలో క్రొత్త పాట కట్టినవారెవరైన ఉన్నచో, వారిని వేదికకు పిలుచుటకు ముందు వాకిటికి పిలువుడు. పేరు చెప్పి పాడించుడు, కూలి చెల్లించుడు, తప్పు తోచినచో మొగమాటము లేక అచటనే చెప్పుడు, పల్లవి వచ్చినపుడు గొంతు కలుపుడు. గొప్ప పాటలు పుట్టుట లేదని వాపోవు మనము, పాట పుట్టుటకు వలసిన సగము పని శ్రోతలదేనను సంగతిని గుర్తించినచో, ఆ కొఱత తీఱుటకు కాలము పట్టదు.